పుట్టిలో వైణికుడు

ఓడిపోవాలని మొక్కుకుంటూ పందెం కాసిన మనిషిని మీరెప్పుడైనా చూశారో లేదో నాకు తెలియదు. ఆ ఎండాకాలం నేను కాశాను. గుర్రాల మీద కాదు, క్రికెట్ మీద కాదు, నోటుబుక్కు పేజీ అంత ఉండే ఒక పాత బొమ్మ మీద.

మార్చి నెలాఖరున మా డిపార్ట్‌మెంటుకు ఒక రేకుపెట్టె వచ్చింది. ఎప్పుడో పోయిన ఒక ప్రొఫెసరుగారి ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ళ మనవలు దాన్ని యూనివర్సిటీకి ఇచ్చేశారు. తెరిచి చూస్తే సగం చెదలు, సగం పాత పత్రికలు, అట్టడుగున రెండు అట్టల మధ్య ఈ బొమ్మ. మా గైడు అరుంధతి మేడం పై అట్ట తీసి చూసి, నిలబడ్డ మనిషి అలాగే కుర్చీలో కూర్చుండిపోయారు.

"ధరణీ, చేతులు కడుక్కుని రా. త్వరగా," అన్నారు.

కడుక్కుని, తుడుచుకుని, పరుగెత్తుకుంటూ వచ్చి చూశాను. ఏం రంగులవి! మూడొందల ఏళ్ళ కిందటి కాగితం అంటే ఎవరూ నమ్మరు, నిన్న సాయంత్రం ఆరబెట్టినట్టున్నాయి. ఒకే బొమ్మలో ముగ్గురు మనుషులున్నారనుకున్నాను మొదట. కాదు, ఒకడే మనిషి మూడుసార్లు. ఎడమ పక్కన మేడ మీద పరుపులు, దీపాలు. ఒక రాజకుమారి దిండుకు ఆనుకుని వింటోంది, అతను వీణ వాయిస్తున్నాడు. మధ్యలో నది. నదిలో గుండ్రటి పుట్టి, కృష్ణలో చేపలవాళ్ళు తిప్పుతారే ఆ తోలు పుట్టి, అందులో అతనొక్కడే ఒళ్ళో వీణ పెట్టుకుని కూర్చున్నాడు. కుడి పక్కన అడవి. అక్కడ అతను బండ మీద కూర్చుని వాయిస్తుంటే రెండు జింకలు చెవులు రిక్కించి వింటున్నాయి. అట్ట వెనక ఆ ప్రొఫెసరుగారే కాబోలు ఇంగ్లీషులో టైపు చేసి ఒక చీటీ అంటించారు. 'వైణికుని వియోగం' అని దాని అర్థం.

ఏ కథలోదో ఆ పేజీ, కథ పోయి బొమ్మ మిగిలింది. బొమ్మను చూసి కథను మళ్ళీ అల్లుకోవాలి. అది నా పని అయింది. జూన్ మొదట్లో సెమినారు ఉంది, అందులో నేను పేపరు చదవాలి, అదే నా థీసిస్‌లో ఒక చాప్టరు కావాలి అని మేడం అక్కడికక్కడే తేల్చేశారు. నాకు ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

కథ కూడా ఎంత తేలిగ్గా దొరికిందో! మేడ మీద ఉన్నప్పుడు అతని వీణకున్న రెండు సొరబుర్రల్లో ఒకదానికి బంగారు పట్టీ ఉంది. రాజుగారి సత్కారం అన్నమాట. నదిలోకి వచ్చేసరికి బంగారం పోయింది, బుర్రకు ఎర్రగుడ్డ గలేబు మిగిలింది. అడవికి చేరేసరికి అదీ లేదు, వట్టి బుర్ర. ప్రేమించాడు, వెళ్ళగొట్టారు, ఉన్నదంతా పోగొట్టుకుని చివరికి జింకలకు వాయించుకుంటూ బతికాడు. రాస్తుంటే నాకే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంత బాగా కుదిరిన కథ తప్పెలా అవుతుంది?

తప్పని చెప్పడానికి భానుప్రకాశ్ వచ్చాడు.

పెట్టెలో కొన్ని ఉర్దూ, పారసీ కాగితాలున్నాయి. చదివి చెప్పడానికి పక్క డిపార్ట్‌మెంటు నుంచి రీసెర్చ్ స్కాలర్ని ఒకణ్ణి పంపమని మేడం అడిగారు. వచ్చింది అతను. జహీరాబాద్ దగ్గర అల్లం, చెరకు పండించే ఇంటి కొడుకు, మదరసా పక్క బడిలో చదువుకుని ఉర్దూ మీద మనసుపడి ఆ దారినే పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు. మంచివాడు, తెలివైనవాడు, కానీ గొంతు! ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నిలబడి మామూలుగా మాట్లాడితే గేటు దగ్గర ఆటోవాళ్ళు "ఎక్కడికి సార్" అని తిరిగి చూస్తారు.

కాగితాలు చదవడం అయ్యాక బొమ్మ దగ్గరికి వచ్చి, నా కథ మొత్తం ఓపిగ్గా విని, "మస్తు చెప్పినవ్. గని కథను తోక పట్టుకొని చెప్పినవ్," అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు ఎడమ దిక్కు నుంచి చదివినవ్. తెలుగు పుస్తకం చదివినట్టు. గీ బొమ్మ దక్కనీ నవాబుల కాలంది. గా కితాబు రాసినోళ్ళు, చదివినోళ్ళు కుడి నుంచి ఎడమకు పోతరు. కళ్ళు గట్లనే అలవాటైతయి. ముందుగాల అడివి, ఆనక నది, ఆఖరుకు మేడ. వాడు పోతలేడు, వస్తున్నడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పక్కన ఒక్క అక్షరం లేదు. ఏ లిపి పుస్తకమో నీకెలా తెలుసు? తెలుగు రాజుల దగ్గర పనిచేసిన చిత్రకారుడైతే?"

"అయితే నది చూడు."

"నది చూశాను. పడవ అయితే ముందేదో వెనకేదో తెలిసేది. ఇది పుట్టి. గుండ్రంగా ఉంది. ఎటు పోతోందో దేవుడికి తెలియాలి."

భానుప్రకాశ్ భూతద్దం పెట్టి పుట్టిని చాలాసేపు చూశాడు. తెడ్డు లేదు, నీటిలో అలల గీతలు కూడా పుట్టి చుట్టూ గుండ్రంగానే ఉన్నాయి. ఆ చిత్రకారుడెవరో మమ్మల్ని ఆడించడానికే వేసినట్టుంది. "కమాల్ మనిషి," అని నవ్వేశాడు. ఆ నవ్వుకి కిటికీలో పావురాలు లేచిపోయాయి.

అలా మొదలైంది. ఏప్రిల్ అంతా రోజూ తగువే. అతను పొద్దున ఒక రుజువు తెచ్చేవాడు, నేను మధ్యాహ్నానికి దాన్ని పీకి పారేసేదాన్ని. క్యాంటీన్లో తగువు, లైబ్రరీ బయట తగువు, తురాయి చెట్ల కింద నడుస్తూ తగువు. ఎండ నలభై దాటి రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటున్నా మాకు పట్టలేదు. ఒకరోజు అతను రాకపోతే నాకు అన్నం దిగలేదు. రుజువు కోసం ఎదురుచూస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మనసుకు అబద్ధం చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఒక సాయంత్రం తార్నాక మెట్రో స్టేషన్ కింద చాయ్ తాగుతుండగా అతను ఉన్నట్టుండి అన్నాడు. "ధరణీ, నేను మీ ఇంటికొచ్చి మీ అమ్మనాన్నల్ని అడుగుతా. నువ్వు నా పక్కన నిలబడుతవా?"

ఏం అడుగుతావని నేను అడగలేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, అదే క్షణంలో అమ్మ మొహం కళ్ళముందుకొచ్చింది. మా అమ్మ విజయశ్రీ తార్నాకలో మా ఫ్లాటు ముందుగదిలోనే వీణ పాఠాలు చెబుతుంది. మెత్తటి మనిషే, కానీ ఒకసారి కాదంటే బ్రహ్మ దిగివచ్చినా కాదే. పైగా నల్లకుంటలో ఎవరో చార్టర్డ్ అకౌంటెంటు సంబంధం చూసింది, వాళ్ళు జూన్‌లో వస్తామన్నారు. మనవాళ్ళు, మన గోదావరి జిల్లావాళ్ళు, జాతకాలు కూడా కలిశాయి. ఇప్పుడు నేను జహీరాబాద్ అబ్బాయి పక్కన నిలబడాలి!

అమ్మకు ఎదురుచెప్పే ధైర్యం లేక, ఆ బరువంతా తీసుకెళ్ళి మూడొందల ఏళ్ళ కాగితం మీద పెట్టాను. "ఆ బొమ్మలో మనిషి వస్తున్నాడని నువ్వు రుజువు చెయ్యి. అప్పుడు నువ్వూ రా. నీ పక్కన నిలబడతాను. కానీ అతను వెళ్ళిపోతున్నాడని తేలితే మాత్రం ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు."

"ఖుల్లంఖుల్లా పందెమా?"

"పందెమే. సెమినారు రోజుకు తేలాలి. రుజువు బొమ్మలోంచే రావాలి."

"ఒట్టు?"

"ఒట్టు," అన్నాను. అని, ఎస్కలేటర్ ఎక్కేలోపే నా నోరు పడిపోనూ అని తిట్టుకున్నాను. ఎందుకంటే నేను గెలుస్తానని నాకు తెలుసు. నా దగ్గర బంగారు పట్టీ ఉంది, ఎర్ర గలేబు ఉంది, వట్టి బుర్ర ఉంది. అతని దగ్గర నవాబుల అలవాటు ఒక్కటే ఉంది.

ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను. నాన్నకు చెప్పాను. నాన్న అచ్యుతరామయ్య హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో రసాయనాలు కలిపి కలిపి రిటైరయ్యారు. ఏ విషయాన్నయినా గాజు గొట్టంలో పోసి చూసే అలవాటు పోలేదు. బాల్కనీలో బంగినపల్లి తింటూ అంతా విని, "అబ్బాయి ఎలాంటివాడన్నది పక్కన పెట్టు. ముందు నువ్వు ఏ ఫలితం కోరుకుంటున్నావో చెప్పు," అన్నారు.

"ఓడిపోవాలని."

"మరి పనిచేసేది?"

"గెలవడానికి. థీసిస్ కదా నాన్నా!"

"చాలా చెడ్డ ప్రయోగం," అని టెంక చీకుతూ తలూపారు. "మీ అమ్మకు చెప్పకు. నేనూ చెప్పను."

మే నెలలో ఒకరోజు భానుప్రకాశ్ ఇంటికి కూడా వచ్చాడు. రుజువు చూపించడానికే అని సాకు. బొమ్మను ఫోటో తీయించి, గోడ క్యాలెండర్ అంత పెద్దదిగా అచ్చువేయించి చుట్టి తెచ్చాడు. అమ్మ ముందుగదిలో వీణ శ్రుతి చేసుకుంటోంది.

"నమస్తే ఆంటీ! నేను భానుప్రకాశ్. ధరణితోని కొట్లాడేది నేనే!" అన్నాడు.

అమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. తీగలు మాత్రం వాటంతటవే ఝుమ్మన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు, అతని గొంతుకే మోగాయి. అమ్మ వాటిని అరచేత్తో ఆపి, "కూర్చో బాబూ. మెల్లిగా కూర్చో," అంది.

బొమ్మను డైనింగ్ టేబుల్ మీద పరిచి ఇద్దరం మళ్ళీ కొట్లాడాం. అతను ఆ పూట రాజకుమారి కాలి పారాణి పట్టుకున్నాడు. పారాణి కొత్తగా ఉంది కాబట్టి ఇది పెళ్ళి, కాబట్టి ఇది చివర అని. "పారాణి పండగక్కూడా పెట్టుకుంటారు," అని కొట్టిపారేశాను. అతని మొహం పాలిపోయింది. అది చూసి మాట వెనక్కి తీసుకోవాలనిపించింది, అయినా రుజువు కానిదాన్ని రుజువనలేను కదా. నాన్న ఇద్దరినీ మార్చిమార్చి చూస్తూ మజ్జిగ తాగారు. అమ్మ వచ్చి చూడమని నేను పిలిచాను. "నాకు పాఠముంది, మీ చదువులు నాకేం తెలుస్తాయి," అని ముందుగదిలోంచే జవాబిచ్చింది.

అతను వెళ్ళాక, "ఎలా ఉన్నాడమ్మా?" అని నెమ్మదిగా అడిగాను.

"గట్టిగా ఉన్నాడు," అంది. అంతే.

బొమ్మ టేబుల్ మీదే ఉండిపోయింది. తీయడానికి నాకు మనసొప్పలేదు. కంచాలు ఒక పక్కకు జరుపుకుని తిన్నాం. నేను రోజూ దాని ముందు కూర్చుని పేపరు రాశాను. ఒక్కో పేజీ పూర్తవుతుంటే నా పెళ్ళిని నేనే చక్కగా, ఫుట్‌నోట్లతో సహా, చెడగొట్టుకుంటున్నట్టుంది. పేపరు సంక్షిప్తం పంపించేశాను, అది సెమినారు పుస్తకంలో అచ్చుకు వెళ్ళింది. భానుప్రకాశ్ ఫోన్లు తగ్గాయి. ఒకసారి మాత్రం చేసి, "దొరుకతలేదు ధరణీ. నువ్వే గెలుస్తవేమో," అన్నాడు. మొదటిసారి అతని గొంతు నాకు సరిగ్గా వినిపించలేదు.

ఆ వారమంతా అమ్మ కూడా అదోలా ఉంది. పాఠాలు తొందరగా ముగించేది. పప్పులో ఉప్పు మరిచిపోయింది. ఎండలనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, గాలి లేచి, వాన మాత్రం రాకుండా ఊరిస్తోంది. నేను టేబుల్ దగ్గర చివరి పేరా రాస్తున్నాను. అమ్మ కూరగాయల గిన్నె తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. బెండకాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ బంగారు పట్టీని నువ్వు ఏమని రాశావు?"

"రాజుగారు ఇచ్చిన నగ అని."

"నగ కాదే అది. అతుకు."

నా పెన్ను ఆగిపోయింది.

అమ్మ కత్తి కింద పెట్టి, తడిచెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, మేడ మీది వీణ మీద వేలు పెట్టింది. "సొరబుర్ర నెర్రె పడితే లోపల లక్క పోసి పైన రేకు పట్టీ బిగిస్తారు. రాజమండ్రి నుంచి వచ్చేటప్పుడు రైల్లో నా వీణ బుర్రకూ ఇలాగే అయింది. ఇదుగో, పట్టీకి పైన సన్నగీత, కింద సన్నగీత. నెర్రె పూర్తిగా కప్పలేదు. నగ అయితే బొమ్మ వేసినవాడు ఈ నెర్రె గీతలు వేయడు."

నేను భూతద్దం తీసుకున్నాను. గీత ఉంది. వెంట్రుకంత సన్నగా, పట్టీకి పైనా ఉంది, కిందా ఉంది. ఇన్నాళ్ళూ అది బుర్ర మీది చార అనుకున్నాను.

"ఇది గలేబు కాదు," అంది, వేలు నదిలోకి జరిపి. "గలేబు వీణ మొత్తానికి వేస్తారు, ఒక్క బుర్రకు ఎవరు వేస్తారు? పగిలిన బుర్ర విడిపోకుండా గుడ్డతో కట్టుకున్నాడు. తలపాగా గుడ్డ అది. చూడు, అడవిలో నెత్తిన ఎర్ర తలపాగా ఉంది. పుట్టిలో ఉత్తి తల."

ఇక ఆమె చెప్పనక్కర్లేకపోయింది. అడవిలో రెండు బుర్రలూ నున్నగా, నిండుగా ఉన్నాయి. పుట్టిలో ఒకటి పగిలి ఉంది. మేడ మీద అది అతికి ఉంది. పగిలిన బుర్ర అతుకుతుంది గానీ, అతికిన బుర్ర మళ్ళీ నెర్రె లేని కొత్త బుర్ర కాలేదు. అతను జింకల దగ్గర బయలుదేరాడు. నది దాటుతుంటే వీణ దెబ్బతింది. తలగుడ్డ విప్పి కట్టుకుని, తడిసి, అలాగే ఆమె దగ్గరికి చేరాడు. ఆమె బంగారంతో అతికించి, కూర్చోబెట్టి, వింటోంది. అతను వెళ్ళడం లేదు. వస్తున్నాడు! బొమ్మ మొత్తం నా కళ్ళముందే గిర్రున తిరిగి రెండో వైపు నుంచి నిలబడింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఇంట్లో వీణ టీచరును పెట్టుకుని ఊళ్ళో లైబ్రరీలన్నీ తిరిగాను.

"అమ్మా!" అని అరిచాను. కుర్చీ వెనక్కి పడింది. అమ్మ రెండు చెంపలూ పట్టుకుని ముద్దు పెట్టేశాను.

"ఏమైందే, బెండకాయ జిడ్డు అంటుకుంటుంది, వదులు," అంది అమ్మ. లేచి, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఇల్లంతా చిన్నపిల్లలా తిరిగాను. నాన్నను లేపాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గీత చూసి, బొమ్మను వదిలేసి ముందు వంటింటి వైపు చూశారు. ఎందుకో అప్పుడు నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నే అరుంధతి మేడం దగ్గరికి వెళ్ళాను. అసలు బొమ్మను టేబుల్ దీపం కింద పెట్టి ఇద్దరం చూశాం. గీత ఉంది. మేడం భూతద్దం కింద పెట్టారు.

"నీ సంక్షిప్తం అచ్చయిపోయింది ధరణీ."

"తెలుసు మేడం."

"అందులో ఒకటి ఉంటుంది, నువ్వు నిలబడి ఇంకొకటి చెప్పాలి. చాప్టరు మొదటి నుంచి రాయాలి. ఏడాది వెనక్కి పోతావు."

"రాస్తాను మేడం."

"ఏడవాల్సినదానివి, పెళ్ళికూతురిలా నవ్వుతున్నావేంటి?" అన్నారు.

భానుప్రకాశ్‌కు మాత్రం చెప్పలేదు. చెబితే ఆ గొంతుకు సెమినారు అక్కర్లేకుండానే తార్నాక నుంచి ఉప్పల్ దాకా తెలిసిపోతుంది. అదీకాక, సెమినారు రోజుకు తేలాలని పందెం. చెబితే నలుగురిలోనే చెప్పాలి.

సెమినారు రోజు హాలు నిండిపోయింది. పై ఊళ్ళ ప్రొఫెసర్లు ముందువరసలో కూర్చున్నారు. అమ్మా నాన్నా మూడో వరసలో. భానుప్రకాశ్ అన్నిటికన్నా వెనక, తలుపు పక్కన, ఓడిపోయినవాడు త్వరగా బయటికి పోవడానికి వీలుగా ఉన్న కుర్చీలో. అచ్చు పుస్తకం ఒళ్ళో మూసి పెట్టుకున్నాడు. నా గుండె చప్పుడు మైకులో వినిపిస్తుందేమో అని భయమేసింది.

"మీ చేతిలో ఉన్న పుస్తకంలో నేను రాసింది తప్పు," అని మొదలుపెట్టాను. హాలు గుసగుసలాడింది. "అందులో నేను ఈ బొమ్మను తెలుగు పేజీలా ఎడమ నుంచి చదివాను. ఇప్పుడు కుడి నుంచి చూడండి. జింకల దగ్గర నుంచి."

తెర మీద బుర్రను పెద్దది చేశాను. నున్నటి బుర్ర, గుడ్డ కట్టిన బుర్ర, పట్టీ వేసిన బుర్ర. ఒక్కొక్కటీ చెబుతుంటే ముందువరస ముందుకు వంగింది. నేను వెనకవరస వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. అతను లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"కాబట్టి ఇది వియోగం కాదు," అన్నాను. "ఇతను వస్తున్నాడు."

"పక్కా!" అన్నాడు భానుప్రకాశ్. హాలంతా తిరిగి చూసింది. ఎవరో నవ్వారు, ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, ఆ తర్వాత అందరూ కొట్టారు. ముందువరసలో ఒక పెద్దాయన లేచి, ఆ అతుకు సంగతి ఏ గ్రంథంలో దొరికిందని అడిగారు.

"మా అమ్మ చెప్పింది సార్. మూడో వరసలో ఉంది."

అమ్మ తలవంచుకుని కొంగు సర్దుకుంది. నాన్న మాత్రం తనే చెప్పినట్టు నలువైపులా నమస్కారాలు పెట్టారు.

ఆ ఆదివారమే వాన మొదలైంది. వానలోనే వాళ్ళు వచ్చారు, భానుప్రకాశ్, వాళ్ళ నాన్న లక్ష్మీనర్సయ్యగారు. పెద్దాయన తెల్ల పంచె మోకాళ్ళదాకా తడిసింది. సంబంధం మాట్లాడేవాళ్ళు పళ్ళు, పూలు తెస్తారు. ఆయన సంచి నిండా అల్లం తెచ్చారు. "మా చేన్ల పండింది అమ్మా. ఏడాది దాక పాడుగాదు," అని అమ్మ చేతికిచ్చారు.

అందరూ కూర్చున్నారు. నేను ఒప్పుకున్నట్టే వెళ్ళి అతని కుర్చీ పక్కన నిలబడ్డాను. అమ్మ చూసింది. ఇక అతను అడగాలి. అంత గొంతు ఉన్నవాడు, ఆ పూట ఒక్క మాట పెగలక, మా ఫ్లాటులోకి గాలి బాగా వస్తుందని చెప్పాడు. వానలు ఈసారి ముందే వచ్చాయన్నాడు. ఉప్మా బాగుందన్నాడు, ఇంకా తినకుండానే. లక్ష్మీనర్సయ్యగారు కొడుకును మోచేత్తో పొడిచారు. నాన్న ఫ్యాను వైపు చూస్తున్నారు.

అమ్మ కాఫీ గ్లాసు అతని ముందు పెట్టి, "పందెం గెలిచిన మనిషివి, అడగడానికొచ్చి ఉప్మా మెచ్చుకుంటావేం బాబూ?" అంది.

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకే పరుగెత్తాను.

"నీకు... పందెం సంగతి ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు? మీ నాన్న నోట్లో నువ్వుగింజ నానుతుందా? నువ్వు చెప్పిన రోజే చెప్పారు."

"మరి నువ్వు బొమ్మ చూసింది మొన్నేగా. అతుకు సంగతి..."

"ఆ అబ్బాయి తెచ్చి పరిచిన రాత్రే చూశాను," అంది అమ్మ. పొయ్యి మీద పాలు కలియబెడుతోంది, నా వైపు తిరగలేదు. "మీరంతా పడుకున్నాక చూశాను. చూడగానే తెలిసింది. నోరు మూసుకుంటే సరిపోతుంది, నల్లకుంట వాళ్ళు వస్తారు, అంతా సవ్యంగా అయిపోతుంది అనుకున్నాను. మూసుకున్నాను కూడా. వారం రోజులు ఆ బొమ్మ పక్కన కంచం పెట్టుకుని తిన్నానే. నాకు ముద్ద దిగలేదు."

"ఎందుకు చెప్పావమ్మా మరి?"

అమ్మ పొయ్యి ఆర్పి నా వైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, కోపంగానూ ఉన్నాయి.

"నా కూతురు అంతమంది పెద్దవాళ్ళ ముందు నిలబడి అతుకును నగ అని చెబుతుంటే, కింద కూర్చుని నన్నెలా వినమంటావు?"

నేను ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఈసారి వదలమనలేదు. కాసేపటికి తనే నా చేతులు విడిపించి, నా మొహం కొంగుతో తుడిచింది.

"నల్లకుంట వాళ్ళకు నిన్ననే ఫోను చేసి చెప్పేశాను," అంది. "పద. పాపం, ఆ అబ్బాయి అడగాలి, నేను సరేననాలి."